మొక్కలు పెంచితే మనసు ఎందుకు కుదుటపడుతుంది?

హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో అపార్ట్‌మెంట్ల బాల్కనీలు, మేడలు కొన్నేళ్లుగా పచ్చబడుతున్నాయి. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాద్ శివారు నారపల్లిలో తన ఇంటి మీద కూరగాయలు పండించి చూపించాక ‘మిద్దెతోట’ అన్న మాట చాలామంది నోట నానింది. తెలంగాణ ఉద్యాన శాఖ ‘మన ఇల్లు - మన కూరగాయలు’ పేరుతో ఓ పథకమే నడిపింది. వాట్సాప్ గ్రూపుల్లో విత్తనాలు చేతులు మారుతున్నాయి.

కూరగాయల ఖర్చు తగ్గుతుందనో, మందులు కొట్టని కూర తినాలనో మొదలుపెట్టినవాళ్లు కూడా కొన్నాళ్లు పోయాక వేరే మాటలు చెబుతారు. ‘పొద్దున్నే ఒకసారి పైకి వెళ్లొస్తే చాలు, మనసు తేలికపడుతుంది’ అంటారు. ‘ఈ ఇంటికి వచ్చాక మొదటిసారి ఇది మా ఇల్లు అనిపించింది’ అని కూడా అంటారు. రెండూ ఒకలాగే వినిపిస్తాయి. కానీ మొదటిది ఊరట, అంటే బాధో టెన్షనో కాసేపు తగ్గడం. రెండోది ఒక చోటికి, అక్కడి మనుషులకు చెందినవాళ్లమన్న భావన. తోట ఈ రెండూ ఇస్తుందా, ఇస్తే ఎలా ఇస్తుందన్నది చూద్దాం. ఎందుకంటే ‘మొక్కలు పెంచితే డిప్రెషన్ పోతుంది’ అన్న అతి ఒకవైపు, ‘అదంతా తీరిక ఉన్నవాళ్ల ఫ్యాషన్’ అన్న కొట్టివేత ఇంకోవైపు ఉన్నాయి. అసలు సంగతి ఆ రెండిటి మధ్య ఇరుక్కుపోయింది.

తోట అన్న ఒక్క పేరు కింద మూడు పనులు జరుగుతాయి. పచ్చదనాన్ని చూడటం, మట్టిలో చేతులు పెట్టి పని చేయడం, ఒక చిన్న చోటును ‘నాది’ అని చూసుకోవడం. పరిశోధనలు వీటిని విడివిడిగా కొలిచాయి. వార్తల్లోకి వచ్చేసరికి మూడూ ఒకటైపోయాయి.

చూస్తేనే తగ్గుతుందా? ఆసుపత్రి కిటికీ కథ

పచ్చదనం చూడటం గురించి ఎక్కువగా చెప్పే పరిశోధన రోజర్ అల్రిచ్‌ది. 1984లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. అమెరికాలో పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో 1972 నుంచి 1981 దాకా పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల రికార్డులు ఆయన తీశాడు. కొన్ని గదుల కిటికీలోంచి చెట్లు కనిపిస్తాయి, కొన్నిటిలోంచి ఇటుక గోడ. వయసు వగైరా సరిపోయేలా 23 జతలుగా రోగులను పోల్చాడు. చెట్లు కనిపించినవాళ్లు సగటున 7.96 రోజులకు ఇంటికి వెళ్లారు, గోడ కనిపించినవాళ్లు 8.70 రోజులకు. చెట్లవైపు ఉన్నవాళ్లు గట్టి నొప్పి మందులు కూడా తక్కువ వాడారు.

తేడా ఒక రోజు కూడా లేదు, చూసింది 46 మందినే. అయినా ఈ పరిశోధనకు ఒక విలువ ఉంది. వాళ్లెవరూ మొక్కలంటే ఇష్టమని ఆ గది ఎంచుకోలేదు, ఏ గది ఖాళీగా ఉంటే అది దొరికింది. 2019లో బ్రిటన్‌లో దాదాపు 20,000 మందిని చూసిన అధ్యయనంలో, వారానికి రెండు గంటలైనా పార్కుల్లో, పొలాల్లో, సముద్రం ఒడ్డున గడిపేవాళ్లు తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారు. అయితే వాళ్లు వెళ్లడం వల్ల బాగున్నారా, బాగున్నారు కాబట్టి వెళ్తున్నారా అన్నది దాంతో తేలదు.

చూడటం వరకు సొంత తోటే అక్కర్లేదు. ఎదురింటి వేపచెట్టు కూడా చాలు.

చేతికి పని ఉన్నప్పుడు బుర్రలో ఏం జరుగుతుంది?

2011లో నెదర్లాండ్స్‌లో ఆగ్నెస్ వాన్ డెన్ బెర్గ్, మారియెట్ కస్టర్స్ ఒక ప్రయోగం చేశారు. తోటపని చేసే 30 మందికి ముందు టెన్షన్ పెట్టే ఒక పరీక్ష ఇచ్చారు. తరవాత సగం మందిని 30 నిమిషాలు తోటలో పని చేయమన్నారు, మిగతా సగాన్ని గదిలో కూర్చుని చదువుకోమన్నారు. ఒత్తిడి పెరిగినప్పుడు ఒంట్లో పెరిగే కార్టిసాల్ అనే హార్మోన్‌ను ఉమ్మిలో కొలిచారు. రెండు గుంపుల్లోనూ తగ్గింది, తోటలో ఉన్నవాళ్లకు ఎక్కువ తగ్గింది. మనసు సంగతి ఇంకా స్పష్టంగా కనిపించింది. తోటలో పని చేసినవాళ్ల మూడ్ పూర్తిగా మామూలు స్థితికి వచ్చింది. చదువుకున్నవాళ్లకు ఇంకాస్త దిగజారింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ 30 మందీ అప్పటికే తోటపని ఇష్టపడి చేస్తున్నవాళ్లు. క్రికెట్ ఇష్టపడేవాళ్లకు బ్యాటిచ్చినా ఇలాంటి ఫలితమే రావచ్చని ఎవరైనా అంటే కాదనలేం.

మరి ఎందుకు తగ్గుతుంది? మనస్తత్వ శాస్త్రవేత్తలు రేచల్ కాప్లాన్, స్టీఫెన్ కాప్లాన్ చెప్పినదాని ప్రకారం మన ధ్యాస రెండు రకాలు. లెక్కలు చూడటం, ట్రాఫిక్‌లో బండి నడపడం, ఆఫీసు మెయిల్స్‌కు జవాబివ్వడం లాంటివాటికి బలవంతంగా ధ్యాస పెట్టాలి. అది అలసిపోతుంది. ఆకు కదలడం, చీమల బారు, మొగ్గ విచ్చుకోవడం లాంటివి మన ప్రయత్నం లేకుండానే ధ్యాసను తమవైపు లాక్కుంటాయి. ఆ కాసేపు మొదటి రకం ధ్యాసకు విశ్రాంతి దొరుకుతుంది.

సొరపాదు ఉన్న ఇంట్లో ఇది బాగా తెలుస్తుంది. ఐదో అంతస్తులో పురుగులు, తేనెటీగలు తక్కువ. పిందెలు నిలవాలంటే మనమే పరాగసంపర్కం చేయాలి. సొరపువ్వు సాయంత్రం పూట తెల్లగా విచ్చుకుంటుంది. మగపువ్వు సన్నని కాడ మీద నిలబడి ఉంటుంది. ఆడపువ్వు కింద నూగుతో చిన్న పిందె ఉంటుంది. మగపువ్వును తుంచి, రెక్కలు వెనక్కి మడిచి, లోపలి పుప్పొడిని ఆడపువ్వు నడిమధ్య మెల్లగా అద్దాలి. కొద్దిరోజుల్లో పిందె లావెక్కి కిందికి వేలాడితే పని జరిగినట్టు. పసుపెక్కి రాలిపోతే జరగనట్టు. ఆ రెండు నిమిషాలూ చేతిలో ఫోన్ పట్టుకోవడం కుదరదు, రేపటి మీటింగ్ గురించి ఆలోచించడమూ కుదరదు. ఆ పని మనల్ని సాయంత్రం ఆ వేళకు రమ్మంటుంది, మర్నాడు వచ్చి చూడమంటుంది. పచ్చదనాన్ని చూడటంలో లేనిది, పనిలో ఉన్నది ఈ పిలుపే అని నాకనిపిస్తుంది.

మట్టిలోని ఒక బ్యాక్టీరియా మనసును హుషారు చేస్తుందని కూడా తరచూ వింటాం. 2007లో వచ్చిన ఆ ఫలితాలు ఎలుకల మీద చేసిన ప్రయోగాలవి. కుండీలో మట్టి కలిపితే మనిషికి అదే జరుగుతుందని చెప్పడానికి అవి చాలవు.

‘నా చోటు’ అనిపించడానికి ఏం కావాలి?

మనిషికి ఒక చోటుతో ఏర్పడే అనుబంధం మీద సామాజిక శాస్త్రంలో చాలా పని జరిగింది. సారాంశంలో ఆ అనుబంధానికి మూడు దారాలు: అక్కడ మనం ఏదో చేసి ఉండాలి, అక్కడ మనకు జ్ఞాపకాలు ఉండాలి, అక్కడి మనుషులతో ఇచ్చిపుచ్చుకోవడం ఉండాలి. అద్దె కట్టినంత మాత్రాన, చివరికి రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన కూడా ఈ మూడూ రావు.

ఒక ఉదాహరణ ఊహిద్దాం. ఇలాంటివాళ్లు మనకు ప్రతి అపార్ట్‌మెంట్‌లో కనిపిస్తారు. భర్త పోయాక కోనసీమ పల్లె నుంచి మియాపూర్‌లో కొడుకు దగ్గరికి వచ్చిన అరవై ఎనిమిదేళ్ల తల్లి. తిండికి, మందులకు, టీవీకి లోటు లేదు. కానీ ఊళ్లో ఆమె పెరట్లో కరివేపాకు కోసం నలుగురూ వచ్చేవాళ్లు, ఏ పాదు ఎప్పుడు పెట్టాలో ఆమెను అడిగేవాళ్లు. ఆరో అంతస్తులో ఆమెను ఎవరూ ఏమీ అడగరు. ఆమె దిగులు చాలావరకు ఇదే. కొడుక్కి మాత్రం అది ‘అమ్మకు ఇక్కడ తోచడం లేదు’ అన్నంత వరకే కనిపిస్తుంది.

ముందు ఓ తులసి కుండీ, పాత బకెట్టులో తీగబచ్చలి, వంటగది కిటికీలో మెంతికూర. తరవాత మేడ మీద పిట్టగోడ పక్కన చిక్కుడు పాదు. సంక్రాంతి నాటికి కాపు పట్టింది. రథసప్తమి ముందురోజు మూడో అంతస్తు అమ్మాయి తలుపు కొట్టి, ‘మామ్మగారూ, చిక్కుడాకులు నాలుగు ఇస్తారా? రథం చేసుకోవడానికి కాయలు కూడా కావాలండీ’ అంది. అక్కడితో ఆమె ఆ అపార్ట్‌మెంట్‌లో ‘ఫలానా వాళ్ల అమ్మ’ స్థాయి దాటి చిక్కుడు పాదు మామ్మగారు అయింది.

ఈ ఉదాహరణలో మొక్క చేసిన పని ఏమిటి? ఆమెకు తెలిసిన విద్య మళ్లీ పనికొచ్చింది. ఆమె సంవత్సరానికి మళ్లీ ఒక క్రమం వచ్చింది. మల్లెకు ఆకు దూసి కొమ్మలు కత్తిరించే రోజులు, నారు పోసే రోజులు, చేమంతి పూసే రోజులు తిరిగొచ్చాయి. అన్నిటికంటే ముఖ్యంగా, ఇవ్వడానికి ఆమె దగ్గర ఏదో ఉంది. తీసుకునేవాళ్లుగా మాత్రమే బతకడం పెద్దవాళ్లను ఎంత కుంగదీస్తుందో మనం ఇళ్లల్లో సరిగ్గా పట్టించుకోం.

ఊరు పోగొట్టుకున్న మనిషి కట్టిన తోట

దీనికి మన దేశంలో అతి పెద్ద సాక్ష్యం చండీగఢ్‌లోని రాక్ గార్డెన్. దాన్ని కట్టిన నేక్‌చంద్ 1924లో ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న ఒక పల్లెలో పుట్టాడు. 1947 విభజనలో ఊరు విడిచి వచ్చాడు. చండీగఢ్ కడుతున్నప్పుడు అక్కడ రోడ్ల ఇన్‌స్పెక్టర్‌గా పని చేశాడు. ఆ కొత్త నగరం కోసం పాత పల్లెలను పడగొట్టారు. ఆ శిథిలాల్లోంచి పగిలిన పింగాణీ, గాజు ముక్కలు, విరిగిన గాజులు, రాళ్లు ఏరి 1950ల చివర్లో ఊరి చివర అడవిలో ఎవరికీ తెలియకుండా తన సొంత రాజ్యం ఒకటి కట్టడం మొదలుపెట్టాడు. అది ప్రభుత్వ భూమి, అక్కడ ఏమీ కట్టకూడదు. పగలు ఉద్యోగం, పని అయ్యాక ఇది. 1970ల్లో అధికారుల కంట పడేనాటికి అది ఎకరాల కొద్దీ పెరిగింది. కూల్చేయాలా వద్దా అన్న చర్చ నడిచి, చివరికి 1976లో జనం చూడటానికి తెరిచారు. ఆయనకు జీతమిచ్చి, సాయానికి కూలీలను కూడా ఇచ్చారు. 1984లో పద్మశ్రీ వచ్చింది. 1990లో రోడ్డు కోసం కొంత భాగం తీసేయాలని బుల్డోజర్లు వస్తే ఊరి జనమే అడ్డం నిలబడ్డారు.

రాక్ గార్డెన్‌లో మొక్కల కంటే బొమ్మలు ఎక్కువ, నిజమే. నేను దాన్ని ఇక్కడ చెప్పడానికి కారణం వేరు. తన ఊరు పోయింది, తను కడుతున్న నగరం ఇంకెవరి ఊళ్ల మీదో లేస్తోంది. తనూ వాళ్లూ పోగొట్టుకున్నవాటితోనే ఆయన ఒక చోటు చేసుకున్నాడు. చివరికి ఆ చోటు ఊరందరిదీ అయింది.

జైలు మిద్దె మీద ఉల్లి, వంకాయ

అక్కడ ఉండటమే ఇష్టం లేని చోట కూడా మనుషులు తోటలు వేశారు. నెల్సన్ మండేలాను 1982లో రాబెన్ దీవి నుంచి కేప్‌టౌన్ దగ్గర పోల్స్‌మూర్ జైలుకు మార్చారు. అక్కడ చుట్టూ కాంక్రీటు. అధికారులను అడిగి, నూనె డ్రమ్ములను సగానికి కోయించి 32 పెద్ద తొట్లు చేయించి, జైలు మిద్దె మీద ఉల్లి, వంకాయ, టమాటా, క్యాబేజీ, పాలకూర పండించాడు. కూరగాయలు జైలు వంటగదికి వెళ్లేవి, కాపలావాళ్లకూ ఇచ్చేవాడు. అంతకుముందు రాబెన్ దీవిలో వేసుకున్న తోట గురించి చెబుతూ, జైల్లో మనిషి చేతిలో ఉండే అతి కొద్ది విషయాల్లో తోట ఒకటని, ఆ చిన్న జాగాను చూసుకోవడంలో స్వేచ్ఛ రుచి కొంచెం తెలిసేదని ఆత్మకథలో రాసుకున్నాడు. పోల్స్‌మూర్‌లోదీ ఒక మిద్దెతోటే.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా తన దేశంలోని లక్ష మందికి పైగా జపాన్ సంతతి ప్రజలను క్యాంపుల్లో పెట్టింది. కాలిఫోర్నియా ఎడారి లోయలో మాన్‌జనార్ అన్న క్యాంపులో పదివేల మంది. దుమ్ము, గాలి. అక్కడివాళ్లు భోజనశాలల ముందు, క్యూలో గంటల తరబడి నిలబడేవాళ్ల కోసం రాళ్లతో, చిన్న చెరువులతో తోటలు కట్టారు. యుద్ధం అయ్యాక క్యాంపు మూసేశారు, తోటలు ఇసుక కింద పూడిపోయాయి. దశాబ్దాల తరవాత వాటిని తవ్వి తీశారు.

ఈ రెండు కథలను ‘తోట ఉంటే జైలైనా ఫర్వాలేదు’ అన్నట్టు చెప్పడం అన్యాయం. తోట వాళ్లకు చేసిన అన్యాయాన్ని తగ్గించలేదు. దాన్ని తట్టుకుని నిలబడే బలం ఇచ్చింది, అంతవరకే.

న్యూజెర్సీలో కరివేపాకు చెట్టు

మనవాళ్లు అమెరికా వెళ్లి సొంత ఇల్లు కొన్న మొదటి వేసవిలోనే పెరట్లో గోంగూర, సొర, దోస, చిక్కుడు కనిపిస్తాయి. ఉత్తరాది రాష్ట్రాల్లో మంచు భయం పోయాకే నారు బయట పెట్టాలి, శరదృతువులో మళ్లీ మంచు పడేలోపు కాపు అయిపోవాలి. కరివేపాకు కుండీ అయితే చలికాలమంతా హాల్లో కిటికీ పక్కన, ఇంట్లో మనిషిలా ఉంటుంది.

ఇండియా నుంచి పచ్చి కరివేపాకు తీసుకెళ్తే అక్కడి ఎయిర్‌పోర్టులో తీసి పారేస్తారు. నిమ్మ, నారింజ తోటలను చంపేసే తెగులును మోసే ఒక చిన్న పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. అందుకే ఆ నిషేధం. దాంతో అక్కడే పెరిగిన మొక్కకు విలువ ఎక్కువ. పెద్ద చెట్టు ఉన్నవాళ్ల ఇల్లు చుట్టుపక్కల తెలుగువాళ్లందరికీ తెలుస్తుంది. పిలక ఒకటి అడిగి తెచ్చుకోవడంతో మొదలైన పరిచయాలు పండగ భోజనాల దాకా వెళ్తాయి. మియాపూర్ మామ్మగారి చిక్కుడాకు చేసిన పనే అక్కడ కరివేపాకు చేస్తోంది.

అభ్యంతరాలు, వాటి బలం

మొదటిది పరిశోధకుల అభ్యంతరం. ఆరోగ్యం, తీరిక, మేడ ఉన్నవాళ్లే తోట పెడతారు, కాబట్టి వాళ్లు సంతోషంగా కనిపించడంలో వింతేముంది? 2017లో మసాషి సోగా, మరో ఇద్దరు కలిసి 22 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూస్తే, తోటపనితో కుంగుబాటు, ఆందోళన తగ్గడం, జీవితం మీద తృప్తి పెరగడం కనిపించింది. తోటపనికి ముందూ తరవాతా అదే మనుషులను కొలిచిన అధ్యయనాలు కూడా వాటిలో ఉన్నాయి కాబట్టి ఆ అభ్యంతరం పూర్తిగా నిలవదు. పూర్తిగా పోదు కూడా, చాలా అధ్యయనాలు చిన్నవి. ఇంగ్లండ్‌లో 2021 నుంచి 7 ప్రాంతాల్లో ప్రభుత్వమే మానసిక ఇబ్బంది ఉన్నవాళ్లను తోటపని లాంటివాటికి పంపి చూసింది. అక్కడ కూడా అది వైద్యానికి తోడుగానే. వారాల తరబడి నిద్ర, ఆకలి పోయి, బతుకు మీదే విరక్తి కలుగుతుంటే కుండీలు కొనిపెట్టి ఊరుకోకూడదు. డాక్టరు కావాలి, లేదా కనీసం ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయాలి.

రెండోది న్యాయమైనది: ఎవరి తీరిక, ఎవరి నీళ్లు? ఒక లెక్క వేద్దాం. 40 కుండీలకు ఎండాకాలంలో ఒక్కోదానికి రోజుకు 2 లీటర్లు అనుకుంటే 80 లీటర్లు. ట్యాంకర్ కోసం ఎదురుచూసే కాలనీలో అది చిన్న మాట కాదు. కూరగాయలు కడిగిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు కొంత సర్దుతాయి, అంతా సర్దవు. పైగా చాలా ఇళ్లల్లో ‘మన తోట’ అనే మాట మగవాళ్లది, రోజూ నీళ్లు పోసే చెయ్యి ఆడవాళ్లది. ఇష్టంతో చేసేవాళ్లకు ఊరట అయినదే నెత్తిన పడినవాళ్లకు ఇంకో చాకిరీ అవుతుంది.

మూడోది తోటలోనే పుట్టే బాధ. మే నెల ఎండకు ఓ వారం ఊరెళ్లి వస్తే నారంతా మాడిపోతుంది. పిండినల్లి పట్టిందంటే మందారం ఉన్నపళంగా ముడుచుకుపోతుంది. తోడు కోసం మొక్కలు పెట్టుకున్నవాళ్లకు అది నిజమైన దుఃఖమే. ‘మొక్కే కదా’ అనడం వాళ్లకు చేసే సాయం కాదు.

ఇల్లు మోయగలదా, ఓనరు ఒప్పుకుంటాడా?

మనుషులు నడిచే మేడలకు మన దేశంలో ఇంజనీర్లు లెక్కలోకి తీసుకునే అదనపు బరువు చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. 15 అంగుళాల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న గ్రోబ్యాగ్‌లో 40 లీటర్లకు పైగా మట్టి పడుతుంది. తడిసిన మామూలు మట్టి అయితే 60 కిలోలు దాటుతుంది. చదరపు మీటరులో అలాంటివి రెండు పెడితే దాదాపు లెక్క సరిపోయినట్టే, మన బరువు పైన. మేడంతా అడుగు మందం మట్టి పోస్తే, తడిసినప్పుడు చదరపు మీటరుకు 400 కిలోలు దాటుతుంది, అంటే దాదాపు మూడు రెట్లు. కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు కలిపితే తేలికవుతుంది. పెద్ద తొట్లను దూలాలు, గోడల మీదుగా పెట్టడం అందుకే. ఓనర్లు ‘స్లాబు కారుతుంది’ అని ఒప్పుకోకపోవడం వెనక కొంత మొండితనం ఉన్నా, కొంత నిజమూ ఉంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. చోటుతో అనుబంధం కావాల్సింది ఎక్కువగా ఊరు వదిలి వచ్చినవాళ్లకు, అద్దెకు ఉండేవాళ్లకు. ఆ చోటు మీద హక్కు తక్కువ ఉండేదీ వాళ్లకే. అద్దె అగ్రిమెంటు మామూలుగా 11 నెలలకు రాస్తారు. మల్లె నిలదొక్కుకుని బాగా పూయడానికే అంతకంటే ఎక్కువ కాలం కావాలి.

అందుకే అద్దె ఇళ్లవాళ్ల తోట వేరేగా ఉంటుంది. నేలలో పెట్టరు, కుండీలో పెడతారు. ఇల్లు మారేటప్పుడు ట్రక్కులో ఫ్రిజ్, బీరువా ఎక్కాక మిగిలిన జాగాలో చిన్న కుండీలు ఎక్కుతాయి. పెద్దవి కింది ఇంటివాళ్లకు, వాచ్‌మన్ కుటుంబానికి వెళ్తాయి. కనకాంబరం, బంతి, బీర విత్తనాలు కాగితం పొట్లాల్లో వెళ్తాయి. అందుకోసమే పాదుకు ఒక బీరకాయను కోయకుండా ముదిరి ఎండేదాకా వదిలేస్తారు. మందారం, నందివర్ధనం కొమ్మ కత్తిరించి తడిగుడ్డ చుట్టి పట్టుకెళ్తారు. వాచ్‌మన్ ఇంటి ముందు ఆ మల్లె పూస్తే ఫోన్‌లో ఒక ఫోటో వస్తుంది. కొత్త ఇంట్లో మందారం కొమ్మ చిగురించాక దాని ఫోటో ఇటు నుంచి వెళ్తుంది.